గొడుగు కింద ఎండ

మా చిన్నప్పుడు హిందూపురంలో అంగడి పెట్టుకున్న ఇంట్లో పిల్లవాడు లావుగా ఉన్నాడంటే వ్యాపారం బాగా జరుగుతోందని ఊరంతా అనుకునేది. ఆ లెక్కన మా బట్టలంగడికి వేరే బోర్డే అక్కర్లేదు. బడిలో నన్ను ‘ఒబ్బట్టు’ అని, అంటే బొబ్బట్టని, పిలిచేవాళ్లు. (ఆ పేరు విన్నప్పుడు కోపం కన్నా ముందు ఆకలి వేసేది.) బడి వదలగానే అంగట్లో ఫ్యాను కింద చేరితే చీకటి పడ్డాకే లేచేవాణ్ణి. పదో తరగతిలో మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నాయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వెంట అవ్వ. తాత నలభై దాటకుండానే అంగట్లో గుండె పట్టుకుని ఒరిగిపోయినప్పటి నుంచి, డాక్టరు అనే మాటే అవ్వ ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. అయినా ఇంట్లో ఉండలేకపోయింది.

రక్తపరీక్ష చూసి డాక్టరు, నాకు షుగరు వచ్చే సూచనలున్నాయనీ, విటమిన్ డి బాగా తక్కువగా ఉందనీ, మాత్రలతో పాటు రోజూ కాసేపు ఎండలో తిరగాలనీ, తిండి తగ్గించాలనీ చెప్పాడు. అవ్వకు నవ్వాగలేదు. “ఏమప్పా డాకటరూ, మన సీమలో ఎండకు కరువొచ్చిందా? ఇంగ దాన్ని కూడా మాత్రలు చేసుకోని మింగాల్నా?”

మర్నాటి నుంచి నన్ను మిద్దె మీద ఆరబోసిన చెనిక్కాయలకు కాపలా పెట్టింది. నల్లబడితే రేపు పిల్లనెవరిస్తారని నా నెత్తిన పెద్ద గొడుగు కట్టింది. ఎండకు వాడిపోతానని నెయ్యి ఒబ్బట్లు పైకి పంపింది. మధ్యలో వలుచుకు తినడానికి చెనిక్కాయలు ఉండనే ఉన్నాయి. ఎండాకాలమంతా మిద్దె మీదే ఉండి మరింత లావెక్కిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మళ్లీ వెళ్లినప్పుడు నా తూకం చూసి డాక్టరు కళ్లజోడు తీశాడు. “ఎండలో ఉంచినారా అవ్వా?”

“ఉంచినా సామీ. గొడుగు కింద.”

ఆయన నన్ను పడుకోబెట్టి, మెడకు చల్లటి జిగురేదో పూసి, స్కానింగ్ మిషను ఆనించాడు. తెర మీద బూడిద రంగు గొట్టమొకటి ఉబ్బుతూ తగ్గుతూ కనిపించింది. అమ్మో! నేను తిన్నా, నిద్రపోయినా, అలిగి పడుకున్నా, ఇది క్షణం ఆగకుండా నా కోసం కొట్టుకుంటూనే ఉందా! నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అవ్వ రెండు చేతులూ జోడించింది. “ఇదేనా సామీ మావాని పానం? ఎట్ల కొట్టుకుంటాండాదో సూడు!”

“ఇది మెడలో రక్తనాళం. దీని గోడ ఈ వయసుకు ఉండాల్సిన దానికంటే మందంగా ఉందవ్వా. ఇప్పుడు జాగ్రత్తపడితే ఫరవాలేదు. లేకపోతే వాళ్ల తాతకు వచ్చిందే వీనికీ వస్తుంది.”

అవ్వ వెంటనే తనదీ చూడమని పట్టుబట్టింది. చూసి డాక్టరు, “మీ వయసుకు చాలా బాగుందవ్వా,” అన్నాడు.

“అట్లయితే నాది తీసి వానికి ఏసేయి సామీ. నాకు ఇంగ దాంతో ఏం పని?”

డాక్టరు నవ్వలేదు. నాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు గొడుగు అటకెక్కింది. ఒబ్బట్లు పండగలకే మిగిలాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని, రోజూ పొద్దున ఎండలో రైల్వేస్టేషను దాకా నడిపించింది.

ఇప్పుడు అవ్వ లేదు. నేను తాత పోయిన వయసు దాటేశాను. నడకలో అప్పుడప్పుడు ఆగి మెడ మీద వేలు పెట్టి చూసుకుంటాను. కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ డాక్టరు మాకెవరికీ చెప్పకుండా నిజంగానే అవ్వది తీసి నాకు వేసేశాడేమో అనిపించి, రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకుంటాను.