ఏడు స్పీడ్ బ్రేకర్లూ ఒక ఎర్ర కారూ

కారు కొనుక్కుని మరీ కాలినడకన తిరిగిన ఇల్లాలిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. చదువుకున్న మనిషి, తీరిగ్గా ఆలోచించి, నోటుబుక్కులో రాసుకుని, తెలిసినవాడు వద్దంటున్నా వినకుండా తన కొంప తానే ఎలా ముంచుకోవచ్చో పూసగుచ్చినట్టు చెబుతాను. మా చిన్ని ఇప్పుడే పడుకుంది. అది లేచేలోగా ముగించాలి కాబట్టి మధ్యలో ప్రశ్నలు అడక్కండి.

నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఫస్టు క్లాసు. ఈ ముక్క నేనే చెప్పేసుకోవడం మంచిది. మా అత్తయ్య చెబితే ఎందుకో అది తిట్టులా వినిపిస్తుంది.

చిన్ని పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఒకటే ఉద్యోగం: భయపడటం. సెలవుల్లేని కొలువు. పిల్ల తుమ్మితే న్యుమోనియా ఏమోనని భయం. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని దిగులు. లింగంపల్లిలో మేం అద్దెకున్న వీధిలో కుర్రాళ్లు స్కూటర్లని విమానాల్లా నడుపుతున్నారని కాలనీ సంఘానికి నాలుగు పేజీల అర్జీ రాశాను. నా పోరు పడలేక వాళ్లు వీధి పొడుగునా ఏడు స్పీడ్ బ్రేకర్లు వేయించారు. ఏడోది సరిగ్గా మా గేటు ముందు. మేస్త్రీ పక్కన నిలబడి, "ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం" అంటూ దాన్ని నేనే దగ్గరుండి పోయించాను. చివరికది చిన్నసైజు ఆనకట్టలా తయారైంది. వెనక నీళ్లు నింపితే నాట్లు వేసుకోవచ్చు. ఈ ఏడింటినీ కాస్త గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తాయి.

చిన్నికి పది నెలలప్పుడు టీకా వేయించడానికి ఆటోలో వెళ్లొచ్చాం. దారి పొడుగునా రాళ్లు పగలగొడుతున్నారు, భవనాలు లేపుతున్నారు. ఇల్లు చేరేసరికి పిల్ల గోధుమపిండిలో దొర్లించిన పూరీముద్దలా ఉంది.

"ఏవండీ, మనం కారు కొనాలి" అన్నాను.

"కొందాం. మా ఆఫీసులో ఒకాయన తన చిన్న కారు అమ్ముతున్నాడు. ముసలిదే, కానీ గట్టిది" అన్నారు మా ఆయన.

ఆ చిన్న కారు చూడ్డానికి వెళ్లి తలుపు మీద వేలితో కొట్టాను. డబడబా మోగింది. "ఇది కారు కాదండీ, కిరసనాయిలు డబ్బా. నా పిల్లని ఇందులో ఎక్కించను" అని తీర్పు చెప్పేశాను. కార్ల గురించి నాకున్న జ్ఞానం అంతటితో సమాప్తం. కానీ తీర్పు చెప్పడానికి జ్ఞానం కావాలని ఎవరన్నారు?

అలా ఒక ఆదివారం పొద్దున, పాత కార్ల బ్రోకరు శ్రీశైలం మా జీవితాల్లోకి ఒక ఎర్ర కారుతో ప్రవేశించాడు. పొడుగాటి ముక్కు, వెనక చిన్న రెక్క, లోపల నల్లటి మెత్తటి సీట్లు. ఇంతటి స్పోర్ట్స్ కారు ఆ కిరసనాయిలు డబ్బా ధరకే ఎందుకు వస్తోందని మీకు అనుమానం వచ్చిందా? నాకు రాలేదు. నేను ఎమ్మెస్సీ.

పాత కారు అమ్మేవాళ్లందరూ ఆ రోజుల్లో కొనేవాళ్లని హైటెక్ సిటీ ముందున్న కొత్త రోడ్డుకే తీసుకెళ్లేవారు. చుట్టుపక్కల గుంత లేని రోడ్డు అదొక్కటే. దాని మీద ఎడ్లబండి తోలినా కొనుక్కోవాలనిపిస్తుంది. మా ఆయన స్టీరింగు పట్టుకున్నారు. నేను పిల్లని ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుని, నోటుబుక్కు తీశాను. అందులో నలభై ప్రశ్నలున్నాయి. బ్రేకులు ఎప్పుడు మార్చారు? ఇంతకుముందు ఓనరు సిగరెట్లు తాగేవాడా? ఈ కారులో ఎవరికైనా వాంతులయ్యాయా?

పన్నెండో ప్రశ్న దగ్గర శ్రీశైలం వెనక్కి తిరిగాడు. "మేడం, మీరు కారు కొంటున్నరా, పిల్లనిస్తున్నరా?"

అప్పుడు జరిగింది ఆ ఘోరం. చిన్ని నిద్రపోయింది.

పిల్లలున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పది నెలలుగా పట్టుమని రెండు గంటలు పడుకోని పిల్ల, మూడు పాటలూ ముప్పై ఊపులూ లేనిదే కన్ను మూయని పిల్ల, ఆ రోడ్డు మీద రెండు నిమిషాల్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. నేను నోటుబుక్కు మూసేశాను. మిగిలిన ఇరవై ఎనిమిది ప్రశ్నలూ నా కళ్లకి అల్పంగా కనిపించాయి.

మా ఆయనకి కాస్త ముందుచూపు ఉంది. మా వీధి చివరి మెకానిక్కు యాదగిరిని అక్కడికి రమ్మని ముందే చెప్పి ఉంచారు. అతను వచ్చి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, కారు కిందకి చూసి లేచాడు.

"అమ్మా, ఇంజను మంచిగున్నది. గని దీని స్ప్రింగులు కోయించిండ్రు. రేసులకు తిప్పే పోరడెవడో చేసిన పని. బండి కిందికి కూసున్నది. జర మన గల్లీల ఒక్కపారి తిప్పి చూసినంకనే పైసలియ్యుండ్రి."

శ్రీశైలం అడ్డుపడ్డాడు. "కిందికుంటే ఏమైతది అన్నా? కిందికున్న బండి రోడ్డును గట్టిగ పట్టుకుంటది. మేడం, ఇది జిందగీల బోల్తా పడదు."

బోల్తా పడదు! నాలాంటి తల్లికి ఆ మాట వినిపించాక ఇంకేం వినిపిస్తుంది?

"యాదగిరీ, పాప ఇప్పుడే పడుకుంది. మన గల్లీ దుమ్ములోకి తీసుకెళితే లేచిపోతుంది" అన్నాను.

"పాప లేస్తదని బండి చూడకుండ కొంటరా అమ్మా?"

"నీకు పిల్లల సంగతి తెలీదు."

"నాకు నలుగురున్నరు" అన్నాడు యాదగిరి. చేతులు తుడుచుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే కారు ఇంటికి బయల్దేరింది. వీధి మొదట్లోనే మా అత్తయ్య హారతి పళ్లెంతో, నాలుగు నిమ్మకాయలతో ఎదురుచూస్తోంది. మొదటి స్పీడ్ బ్రేకరు వచ్చింది. ముందు చక్రాలు దిగాయి. తర్వాత కారు కడుపులోంచి, పెద్ద గంగాళాన్ని సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు ఒక శబ్దం వచ్చింది. వెనక చక్రాలు ఎక్కలేదు. కారు తూగుటుయ్యాలలా అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. చిన్ని లేచి కెవ్వుమంది.

"నిమ్మకాయలు చక్రాల కింద పెట్టనా, కారు కింద పెట్టనా?" అని అడిగింది అత్తయ్య, చాలా వినయంగా.

అందరం దిగాం. బరువు తగ్గేసరికి కారు నాలుగు వేళ్లు పైకి లేచింది. మా ఆయన ఒక్కరే కూర్చుని, దాన్ని ఏటవాలుగా, నత్తలా నడిపితే దాటింది. ఎక్కాం. రెండోది వచ్చింది. దిగాం. అలా ఏడుసార్లు. మా పెళ్లికి కూడా అంత ఊరేగింపు జరగలేదు. వీధిలో వాళ్లంతా గేట్ల దగ్గర నిలబడి చూశారు. ఆనకట్ట దగ్గరికొచ్చేసరికి ఇద్దరు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను అర్జీలో రాసిన స్కూటర్ల కుర్రాళ్లే.

ఇక అదే మా దినచర్య. కూరగాయలకి వెళ్లాలన్నా, టీకాకి వెళ్లాలన్నా మా ఆయన ప్రతి ఎత్తు ముందూ కారు ఆపి, "దిగు!" అనేవారు. నేను పిల్లనెత్తుకుని దిగి, మా సొంత కారు లేపిన దుమ్ములో నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కేదాన్ని. దుమ్ము తగలకూడదనే కదా కారు కొన్నాను! అత్తయ్య రెండోరోజునుంచే ఎక్కడం మానేసింది. "మీరు కారులో రండి, నేను ముందు వెళ్లి ఉంటాను" అని నడిచి వెళ్లేది. నిజంగానే మాకంటే ముందు చేరేది.

పిల్లలు మొదట "అమ్మ" అంటారు, కొందరు "తాత" అంటారు. పదకొండో నెలలో మా చిన్ని నా మొహంలోకి చూసి, స్పష్టంగా, "దిగు" అంది.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాత నెలలో ఒక మధ్యాహ్నం చిన్ని ఒక శనగగింజని ముక్కులోకి తోసుకుంది. పిల్ల ముక్కు ఎర్రబడింది, నోటితో ఊపిరి తీస్తోంది. ఏడాదిగా నేను ఊహించిన జబ్బులన్నిట్లో శనగగింజ లేదు.

"కారు తియ్యండి! డాక్టరు దగ్గరికి!"

అత్తయ్య కూడా కంగారులో వెనక సీట్లో ఎక్కేసింది. నలుగురం. ఆ కంగారులో దిగాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మా ఆయన గేట్లోంచే వేగంగా పోనిచ్చారు. ఎదురుగా నేను దగ్గరుండి కట్టించుకున్న ఆనకట్ట.

ఢామ్మని కారు ఎగిరి దాని మీద కూర్చుంది. కింద ఏదో ఫెళ్లున పగిలింది. కిటికీలోంచి బుట్టెడు దుమ్ము లోపలికొచ్చింది. చిన్ని కళ్లు చిట్లించింది, నోరు తెరిచింది, జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా తుమ్మింది. శనగగింజ వెళ్లి అద్దానికి టప్పున తగిలింది.

నేను పిల్లని గుండెకి అదుముకుని ఏడుస్తున్నాను. పిల్ల మాత్రం హాయిగా ముక్కుతో ఊపిరి తీసుకుని, తలుపు వైపు చెయ్యి చూపించి, "దిగు" అంది.

యాదగిరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. కారు కిందనుంచి నల్లటి ఆయిలు కాలువలా పారుతోంది.

"ఆయిల్ చాంబర్ పగిలింది సార్. ఇగ నడవది" అని, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గట్టుని కింద నుంచి పైదాకా చూశాడు. "అరే, ఏందిది! గింత ఎత్తు ఏ దిమాక్ లేనోడు కట్టిచ్చిండమ్మా?"

మా ఆయన ఆకాశంలో మేఘాలు చూస్తున్నారు. మేఘాల్లేవు.

"నాయనా, వాడు కాదు" అంది అత్తయ్య, నా వైపు ఆప్యాయంగా చెయ్యి చాపి. "ఇదిగో, మా కోడలు. ఎమ్మెస్సీ."

మర్నాడు కాలనీ సంఘం ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లి, మా గేటు ముందున్న గట్టుని కొంచెం చెక్కించమని అడిగాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. బీరువాలోంచి నా అర్జీయే తీసి, కళ్లజోడు పెట్టుకుని చదివారు: "'పసిపిల్లల ప్రాణాల కంటే వాహనదారుల సౌకర్యం ముఖ్యమా అని సంఘాన్ని సూటిగా అడుగుతున్నాను.' ఎంత చక్కగా రాశావమ్మా! దీనికి జవాబు చెప్పి అప్పుడు చెక్కుకో."

దండం పెట్టి తిరిగొచ్చేశాను. ఆ పిల్ల నా చంకలోనే ఉంది.

చాంబరు బాగు చేయించి, ఒక ఆదివారం కారుని మళ్లీ హైటెక్ సిటీ రోడ్డుకే తీసుకెళ్లాం. కొనడానికొచ్చిన కుర్ర ఇంజనీరుని నేను మొదటే అడిగాను, "బాబూ, మీ ఇల్లెక్కడ?" నా నలభై ప్రశ్నల్లో లేని ప్రశ్న. తను అక్కడే, ఆఫీసు పక్క కొత్త అపార్టుమెంటులోనే ఉంటానన్నాడు. ఒంటరివాడు. సన్నగా ఉన్నాడు. అయినా స్ప్రింగుల సంగతి అంతా చెప్పేశాను. మా ఆయన నా కాలు తొక్కుతూనే ఉన్నారు. అతను నవ్వి, "కిందికుంటేనే కదండీ స్టైలు" అని తీసుకున్నాడు. ఆ కారుకి తగ్గ రోడ్డు దొరికింది. మాకు ఆ కిరసనాయిలు డబ్బా దొరుకుతుందేమోనని వాకబు చేస్తే, దాన్ని యాదగిరి కొనేసుకున్నాడు. నలుగురు పిల్లల్నీ ఎక్కించుకుని మా ఏడు గట్ల మీదనుంచీ కుందేలులా పోతున్నాడు.

మేం బస్సులో తిరుగుతున్నాం. మొన్న గచ్చిబౌలి దగ్గర బస్సు ఒక ఎత్తు మీద నెమ్మదించగానే రెండేళ్ల చిన్ని నా ఒళ్లోంచి లేచి, "దిగు! దిగు! అందరూ దిగు!" అని అరిచింది. కండక్టరు ఈల ఊదాడు, బస్సు ఆగింది.

"ఎవరమ్మా దిగేది?"

"ఎవరూ లేరండీ. మా పాపకి అలవాటు."

"అలవాటేంది? దిగుతరా దిగరా?"

బస్సంతా నా వైపు తిరిగింది. చిన్ని అప్పటికే మెట్లు దిగేసింది. నేనూ దిగాను. గచ్చిబౌలి నుంచి ఇంటికి మిగిలిన దారి ఎలా వచ్చామో మీరు ఊహించుకోగలరు.

అందుచేత పాఠకుల సాక్షిగా, వృక్షశాస్త్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ బండి కొన్నా, వెనక సీట్లో మా అత్తయ్యని కూర్చోబెట్టి, నా ఆనకట్టని రెండుసార్లు ఎక్కించి దించాకే బేరానికి నోరు తెరుస్తాను. నిద్రపోతున్న పిల్ల ఇచ్చిన సాక్ష్యాన్ని ప్రాణం పోయినా నమ్మను.

ఉండండి, మంచం మీదనుంచి ఎవరో పిలుస్తున్నారు. ఏమని పిలుస్తున్నారో చెప్పక్కర్లేదనుకుంటాను.