టీచర్ దిద్దని వాక్యం

మా ఇంగ్లీష్ టీచర్ పోయిన వారం చనిపోయారు. ఆమె పాఠాలు చెప్పిన స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నాంపల్లి స్టేషన్ దగ్గరి సందు మొదట్లో, ఒక మేడ మీద ఉంది. ఆ మేడ మెట్ల పక్కన ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. బస్సులోంచి చూసి గబగబా దిగిపోయాను. "అనారోగ్యం వల్ల స్వచ్ఛందంగా విశ్రాంతి తీసుకున్న మా ప్రియతమ అధ్యాపకురాలికి అశ్రునివాళి" అని ఉంది కింద. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె విశ్రాంతి తీసుకోలేదు, వీళ్ళే వెళ్ళగొట్టారు. పోయిన మనిషి లేచొచ్చి కాదనలేదని ఎంత ధైర్యం! అందుకే నేను చెబుతున్నాను, వినండి.

అప్పట్లో నేను ఆబిడ్స్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌గర్ల్‌ని. మా నాన్న పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాలుగు ముక్కలు ఇంగ్లీష్ వస్తే ఏ దవాఖానలోనో రిసెప్షన్‌లో కూర్చోవచ్చని నా ఆశ. షాపు తెరవకముందే పొద్దుటి బ్యాచ్‌కి వెళ్ళేదాన్ని. టీచర్‌ది మెదక్ దగ్గరి క్రైస్తవ కుటుంబం. ఎప్పుడూ దవడలో ఒక లవంగం ఉండేది. కొత్త చాక్‌పీసు అందగానే రెండు ముక్కలు చేసేవారు, లేకపోతే బోర్డు మీద కీచుమంటుందని.

ఆమెకు ఒకటే పట్టుదల: చెప్పే వాక్యం నిజమై ఉండాలి. ఆ రోజుల్లో కంటి మీద ఇంగ్లీష్‌వాళ్ళు చెప్పుకునే మాటలు నేర్పుతున్నారు. బోర్డు మీద 'ఆపిల్ ఆఫ్ ది ఐ' అని రాసి, మనం కంటిపాప అంటామే, అదన్నారు. వెనక బెంచీ అతను లేచి, రాము వాళ్ళమ్మకు ఆపిల్ ఆఫ్ ది ఐ అని ఇంగ్లీష్‌లో గడగడా చెప్పాడు.

"రాము ఎవరు? మీ గల్లీల ఉంటడా?" అని అడిగారు టీచర్.

"లేడు టీచర్, ఊకెనే చెప్పిన."

"ఊకెనే ఎందుకు చెప్పాలె బిడ్డా? నువ్వు చూసింది చెప్పు. లేకుంటే బయటికి పోయి చూసిరా, ఆగుతం."

అతను నిజంగానే కిందికి పోయి వచ్చాడు. చాయ్ బండి ఆయన కూతురికి జడ వేస్తూ చాయ్ మరగపెడుతున్నాడనీ, ఆ పిల్ల ఆయనకు ఆపిల్ ఆఫ్ ది ఐ అనీ చెప్పాడు. టీచర్ ముఖం వెలిగిపోయింది. 'సీ ఐ టు ఐ' అంటే ఇద్దరి అభిప్రాయం కలవడం. మా క్లాసులో ఒక ఆటో డ్రైవరన్న, ఫ్రిజ్ కొనే విషయంలో తనకూ భార్యకూ సీ ఐ టు ఐ లేదని చెబితే అందరం పడీ పడీ నవ్వాం.

తర్వాత 'టర్న్ ఎ బ్లైండ్ ఐ'. తప్పు జరుగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. నా వంతు వచ్చింది. ఎలా ధైర్యం వచ్చిందో తెలియదు. మా షాపులో ఆడపిల్లలు యూనిఫాం చీర మార్చుకునే గదికి గడియ లేదు, సూపర్‌వైజర్ కావాలనే తలుపు తోస్తాడు, ఓనర్ టర్న్స్ ఎ బ్లైండ్ ఐ అని తడబడుతూ ఇంగ్లీష్‌లో చెప్పాను.

"గిది నిజమేనా?" అని అడిగారు టీచర్.

"ఔ టీచర్."

"వాక్యంల తప్పు లేదు," అన్నారామె, చాక్‌పీసు కింద పెడుతూ. "నడువు, నేను గూడ వస్త."

ఆ రోజు క్లాసు అక్కడితో అయిపోయింది. షాపులో అప్పుడే కొనేవాళ్ళు వస్తున్నారు. టీచర్ నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేలా సంగతి చెప్పారు. ఆయన పళ్ళు నూరుతూ గొంతు తగ్గించి, "మేడం, గీ పోరీల మాటలు పట్టుకొని షాపుల లొల్లి జేస్తరా? తర్వాత చూస్త గని, మీరు పోన్రి," అన్నాడు.

"వడ్రంగిని పిలువున్రి. గడియ పెట్టేదాంక నేను గీడనే కూసుంట."

గాజు తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లోపలికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఏమైందని అడగడం, ఆమె చెప్పడం. మధ్యాహ్నానికి గడియ పడింది. ఆ సూపర్‌వైజర్ని మాత్రం ఏమీ అనలేదు, కోఠి షాపుకు మార్చారంతే. అక్కడ మాత్రం ఆడపిల్లలు లేరా? టీచర్ అక్కడికీ వెళ్ళి ఆ పిల్లలకు వాడి సంగతి చెప్పి వచ్చారు.

మా సెంటర్ నడిచే మేడ ఆ షాపు ఓనర్‌దేనని మాకు తర్వాత తెలిసింది. డైరెక్టర్ మా ముందే ఆమెను నిలదీశాడు.

"మీ పని ఇంగ్లీష్ చెప్పుడు టీచర్."

"అదే చెప్పిన సార్."

మరునాటి నుంచి ఆమెను రానివ్వలేదు. ఆమెకు అప్పుడు ఏ జబ్బూ లేదు. కూర మాడిందన్నంత తేలిగ్గా ఆ సంగతి చెప్పి, మాలో నలుగురిని ఇంటికి పిలిచి పాఠం పూర్తి చేశారు. ఈ రోజు నేను దవాఖాన రిసెప్షన్‌లో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నానంటే ఆమె పుణ్యమే.

నిన్న సెంటర్‌లో సంతాప సభ. నేనూ వెళ్ళాను. డైరెక్టర్ మైకు పట్టుకుని, "షి వాజ్ ది ఆపిల్ ఆఫ్ అవర్ ఐ," అన్నాడు. ఇక కూర్చోలేకపోయాను. లేచి ఇంగ్లీష్‌లోనే అన్నాను: "సర్, ది షాప్ ఓనర్ టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ. యు ఆల్సో టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ. టీచర్ డిడ్ నాట్." తర్వాత తెలుగులో, "ఆమెను మీరే తీసేసిన్రు. ఆ ఫ్లెక్సీ మీద రాసింది చెరిపెయ్యున్రి," అన్నాను.

"అమ్మా, సంతాప సభ ఇది. కూసో," అన్నాడు. ముందు వరసలో పెద్దమనుషులు ఫోన్లు చూసుకున్నారు. ఇది రాసే సమయానికి కూడా ఆ ఫ్లెక్సీ అలాగే ఉంది. సిగ్గులేని మనుషులు.

అక్కడి నుంచి కోపం కోపంగా నడుచుకుంటూ ఆబిడ్స్ వెళ్ళి, మానేసిన ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ షాపులోకి వెళ్ళాను. నన్నెవరూ గుర్తుపట్టలేదు. పై అంతస్తులో చీరల అరల వెనక ఆ గది. తలుపు మీద చెయ్యి వేసి గట్టిగా తోశాను. కదల్లేదు. లోపలి నుంచి ఒక పిల్ల గొంతు ఖంగుమంది.

"ఎవరది? కండ్లు కనవడ్తలేవా? చీర మార్చుకుంటున్న, ఆగు!"

ఆ గొంతులో బెరుకన్నదే లేదు. ఆమె తీరిగ్గా కుచ్చిళ్ళు పెట్టుకుని బయటికి వచ్చేదాకా, అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను.