లక్ష్మవ్వ ఆకు

ఉద్యోగ విరమణానంతరం అబుదాబి శివారు బనియాస్‌లో మా అమ్మాయి ఇంట ఉన్న రోజులలో, 2005లో, రాజలింగం నా దగ్గరకు వచ్చాడు. జగిత్యాల ప్రాంతపు పసుపు రైతు. అబుదాబిలో ఒక విల్లాకు తోటమాలి. అక్షరం రానివాడు గనుక, ఒక మొక్క లక్షణాలను నాచేత రాయించుకోదలిచాడు. ముప్పై ఏళ్లు నామవాచకాలు బోధించినా, ఒక పేరు పుట్టడానికి ఇంత తతంగం ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

మొక్క పేరు హోస్టా. చలిదేశపుది; శీతకాలపు నిద్ర లేనిదే బతకదు. విల్లా యజమానురాలైన బ్రిటిష్ మేడమ్ దానిని ఏసీ వరండాలో పెంచేది. చలికాలం రెండు నెలలూ రాజలింగం కుండీని పాత ఫ్రిజ్‌లో పడుకోబెట్టేవాడు. ఆ వసంతంలో పచ్చని దుబ్బు నుండి ఒక పిలక లేత పసుపు అంచుతో లేచింది. దానిని వేరే కుండీలో నాటాడు. మూడు వసంతాలు ఆ అంచు నిలిస్తే కొత్త రకంగా నమోదుకు పంపుతానని, పేరు అతడే పెట్టవచ్చునని మేడమ్ మాట ఇచ్చింది.

"రాయి సారూ. జానెడాకు, ఏడు జతల ఈనెలు, గడపకు పసుపు రాసినట్టు అంచు. పేరు లక్ష్మవ్వ. మా అవ్వ పేరు రేషన్ కార్డుల గూడ తప్పే పడ్డది."

రెండు వసంతాలు అంచు నిలిచింది. ఆ కుండీలోనే నడుమ అంచు లేని ఒక పచ్చ పిలక కూడా లేచింది. అది పసుపు అంచు పిలకలను మింగేస్తుంది, కోసెయ్యమని మేడమ్ హెచ్చరించింది.

"పచ్చగ లేచినదాన్ని ఎట్ల కోస్త సారూ? చెయ్యి రాలే."

2007 మార్చిలో మేడమ్ స్వదేశానికి వెళ్లింది. రాజలింగమూ మేనల్లుడి వరసైన దయాకర్‌ను తన బదులు పనిలో పెట్టి, నీళ్లు మరువవద్దని మాత్రం చెప్పి, నెల సెలవు మీద ఊరికి వెళ్లాడు. సంగతి విని తల్లి లక్ష్మవ్వ నవ్విందట: "ఆకుకు నా పేరా? మేకలు తింటయేమో చూస్కో కొడుకా!"

అతడు తిరిగొచ్చాక, చివరి కొలతలు రాయడానికి స్కేలు పట్టుకొని నేనూ వెంట వెళ్లాను. దయాకర్ సంబరంగా కుండీ చూపించాడు.

"చూడు మామా, ఎట్ల గుబురైందో! ఆకులకు తెగులు తగిలి అంచులన్నీ పాలిపోయినయి. మొదలంట పెరికేసిన. పచ్చగున్న ఒక్క మంచి పిలకను కాపాడిన."

"పెరికినయి ఏవిరా?"

"చెత్తబండి ఎన్నడో తీస్కపోయింది."

తెగులు ఆకు కనబడితే పసుపు చేలో తానైనా అదే చేసేవాడు గనుక, రాజలింగం తిట్టలేకపోయాడు. వారం తరువాత మేడమ్ వచ్చి చూసి, "ఖలాస్, లింగం" అని మాత్రం అని లోపలికి వెళ్లింది.

ఆ శుక్రవారం నా ఎదుటే ఊరికి ఫోన్ చేశాడు. ముసలమ్మ గొంతు నాకూ వినిపించింది.

"నా ఆకు మంచిగున్నదా కొడుకా?"

"మంచిగున్నదే అవ్వా."

కొలతల కాగితం నా దగ్గరే ఉండిపోయింది. వేసవంతా అతడు ఆ కుండీకి నీళ్లు పోశాడు. చలికాలం వచ్చినప్పుడు మాత్రం దానిని ఫ్రిజ్‌లో పెట్టలేదు.