ఒంటరిగా వెళ్ళే ముందు, పామర్రు దాకా

2002 మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు పటమటలో మా ఇంటి తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను. వీపున పెద్ద సంచి, అందులో పది కిలోల బియ్యం, రెండు సీసాల నీళ్ళు. కాళ్ళకు చీలమండలు కప్పే బూట్లు. నమాజుకు లేచిన అమ్మీ లోపలి నుంచి, "ఆ బియ్యం ఎప్పటికైనా వండనిస్తావా?" అంది. నాలుగు నెలలుగా ఆదివారం వచ్చిందంటే అవే బియ్యం నాతో పాటు మంగళగిరి కొండెక్కి దిగుతున్నాయి.

జూన్‌లో నేను హిమాచల్ వెళ్ళాలి. పదమూడు వేల అడుగులు దాటిన ఒక కనుమ ఎక్కి అవతలి లోయలోకి దిగాలి. ఒక్కదాన్నే. నాకప్పుడు ముప్పై ఏడేళ్ళు, ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఎత్తుకు ఊపిరిని అలవాటు చేసుకోవడం విజయవాడలో కుదరదని డాక్టరు ముందే చెప్పారు. "కాళ్ళనీ గుండెనీ సిద్ధం చేసుకోండి. అక్కడికి వెళ్ళాక నెమ్మదిగా ఎక్కండి. తలనొప్పి వస్తే ఆగండి, తగ్గకపోతే దిగిపోండి" అన్నారు.

నాలాగా వెళ్ళాలనుకునే ఆడవాళ్ళకు పనికొస్తుందని మిగతావి కూడా చెబుతాను. ఉన్ని బట్టలు మన దగ్గర చలికాలంలో రోడ్డు పక్కన టిబెటన్లు అమ్ముతారు, సంక్రాంతి దాటితే వాళ్ళుండరు, డిసెంబరులోనే కొనుక్కోవాలి. బూట్లు కొత్తవి వేసుకుని కొండకు వెళ్ళకూడదు. నెలసరి తేదీలు క్యాలెండరులో లెక్కవేసుకున్నా, ఎత్తుకు వెళ్తే తేదీలు తప్పవచ్చు. సరంజామా ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఇవన్నీ నేను నిరుడు నేర్చుకున్నాను.

నిరుడు ఇదే కనుమకు పాతికమంది గుంపుతో వెళ్ళాను. గుడారంలో నా పక్కన పడుకున్నావిడ విజయలక్ష్మి. పామర్రులో హైస్కూలు టీచరు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కనుమకు కిందనున్న ఆఖరి క్యాంపులో నాకు తలనొప్పి మొదలైంది. చెబితే వెనక్కి పంపేస్తారని చెప్పలేదు. రెండు మాత్రలు మింగి, నవ్వుతూ అందరితో కూర్చున్నాను. తెల్లారేసరికి వాంతులు, నిలబడలేకపోయాను. నన్ను ఎవరో ఒకరు కిందికి తీసుకెళ్ళాలి. విజయక్క ముందుకొచ్చింది. మిగతావాళ్ళు కనుమ ఎక్కారు, మేమిద్దరం దిగాం. తిరుగు రైల్లో విజయవాడ దాకా పక్కపక్కనే కూర్చున్నాం కానీ ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోనూ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఇంకోసారి ఎవరి ప్రయాణమూ పాడు చెయ్యకూడదనే ఈసారి ఒంటరిగా బయలుదేరుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. వెళ్ళే ముందు ఆవిడకు క్షమాపణ చెప్పుకోవాలి. ఆ పని రెండుసార్లు వాయిదా వేశాను. ఈ ఆదివారం తప్పదనుకున్నాను.

గుంటూరు బస్సు వారధి దాటేసరికి తెల్లవారుతోంది. ఆరు గంటల పది నిమిషాలకు మంగళగిరి మెట్ల మొదట్లో ఉన్నాను. అక్కడ బెల్లం అమ్మే సూరమ్మ గారు నన్ను ప్రతివారం చూస్తూనే ఉంది కానీ ఆరోజే అడిగింది.

"ఏం మొక్కమ్మా నీది? బరువేసుకుని మూడేసి సార్లు ఎక్కుతున్నావు!"

"మొక్కు కాదండీ, ప్రాక్టీసు."

"దేనికీ?"

"ఇంకో కొండకి."

ఆవిడ నా బూట్లకేసి, సంచికేసి చూసి, "ఈ కొండేం పాపం చేసింది!" అంది.

మొదటిసారి ఎక్కి దిగడానికి నలభై నిమిషాలు. రెండోసారికి ఎండ వచ్చేసింది. మూడోసారి సగం మెట్ల దగ్గర కణతలు కొట్టుకోవడం మొదలైంది. నీడన కూర్చోవాలి, తెలుసు. కానీ నోటు పుస్తకంలో ఆ వారానికి 'మూడు' అని రాసుకున్నాను. ఎక్కేశాను. పైన రాతి అరుగు మీద కూలబడితే కళ్ళ ముందు నల్లటి చుక్కలు. సీసా మూత తీయడానికి కూడా చాలాసేపు పట్టింది. చుట్టూ నన్ను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నిరుడంటే గుంపుకు భయపడి దాచాను. ఈరోజు ఎవరికి భయపడి ఎక్కాను?

ఆ ప్రశ్నతోనే దిగాను. సూరమ్మ గారు నా మొహం చూసి ఏమీ అడగకుండా ఒక గ్లాసు నీళ్ళలో బెల్లం కలిపి ఇచ్చింది.

తొమ్మిదింబావుకు ఇంటికి చేరి, స్నానం చేసి, బియ్యం సంచి వదిలేసి, పదకొండున్నరకు బెంజి సర్కిల్ దగ్గర బందరు బస్సెక్కాను. బూట్లు మాత్రం వదల్లేదు, కాలికి అలవాటు కావాలని. పక్క సీటు పెద్దాయన కంకిపాడు దాకా వాటినే చూసి చివరికి అడిగారు.

"పోలీసు ట్రైనింగా అమ్మా?"

"కాదండీ. హిమాలయాలకి."

"ఎవరెవరు వెళ్తున్నారు?"

"నేనొక్కదాన్నే."

ఆయన, "మావాళ్ళు ఆడవాళ్ళని ఉయ్యూరు కూడా ఒక్కళ్ళనే పంపర్లేమ్మా" అని కిటికీలోంచి చూశారు. తప్పుపట్టినట్టు లేదు, తన ఇంటి సంగతి చెప్పినట్టుంది. మినుము తీసేసిన చేలు రెండు వైపులా ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక ఇరవై నిమిషాలు ఆగాం.

ఒంటిగంట దాటాక పామర్రులో దిగాను. విజయక్క భర్తది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఇల్లు దాని వెనకే. తలుపు తీసి నన్ను చూడగానే ఆవిడ మొహంలో రంగు మారింది. కోపమనుకున్నాను.

"లోపలికి రా నసీమా. అన్నం తిన్నావా?"

దోసకాయ పప్పు, వేపుడు వడ్డించింది. తింటూ ఉండగానే చెప్పేశాను, లేకపోతే మళ్ళీ దాటవేస్తానని. "అక్కా, నిరుడు నేను తలనొప్పి దాచాను. అందువల్ల మీరు కనుమ ఎక్కలేకపోయారు. సంవత్సరం నుంచీ మీకు మొహం చూపించలేకపోతున్నాను."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది. తర్వాత లేచి బీరువా తెరిచి ఒక జరీ శాలువా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది మా స్కూల్లో కప్పారు. తోటి మనిషి కోసం కనుమ వదులుకుందని అసెంబ్లీలో పిల్లలందరి ముందూ చెప్పి కప్పారు. నేను కప్పించుకున్నాను."

"కప్పాలి కదక్కా."

"నువ్వు విను. ఆ ముందు రోజు సాయంత్రం మంచు వాలు చూశావుగా, మర్నాడు మనం దాటాల్సింది? అది చూసినప్పటి నుంచి నాకు కాళ్ళాడలేదు. రాత్రంతా నీ పక్కన పడుకుని, పొద్దున లీడరుకి ఏం వంక చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అంతలో నీకు వాంతులు. నేనెళ్తానని ఎవరూ అడక్కముందే అన్నాను. గుర్తుందా? అందరూ చప్పట్లు కొట్టారు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నీకు ఒళ్ళు బాగోలేదంటే నాకు ప్రాణం లేచొచ్చింది నసీమా. అంత చెడ్డదాన్ని. ఇంక నీకు ఫోనెట్టా చెయ్యను?"

ఏడాదిగా మోసిన బరువు ఒక్కసారిగా దేనికీ కాకుండా పోయింది. కోపం రావాలేమో, రాలేదు. ఇద్దరం ఒకే గుడారంలో చెరో అబద్ధంతో ముసుగు తన్ని పడుకున్న దృశ్యం కళ్ళకు కట్టి నవ్వొచ్చింది. ఆవిడ ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వింది.

తర్వాత రెండు గంటలు మ్యాపు పరుచుకుని కూర్చున్నాం. పొద్దున మెట్ల మీద జరిగింది కూడా చెప్పాను. విజయక్క టీచరు గొంతుతో అంది: "అంకె రాసుకోవడం మానెయ్. టైము రాసుకో. ఎంతసేపు నడిస్తే ఎంతసేపు కూర్చున్నావో రాయి. ఆఖరి ఊళ్ళో ఎవరింట్లో పడుకుంటే వాళ్ళకి చెప్పు, ఫలానా టైముకి కనపడకపోతే మనిషిని పంపమని." అంతకు ముందు ఎవరికీ చెప్పకుండా వెళ్ళడమే ఒంటరి ప్రయాణం అనుకున్నాను. ఆవిడ మాట పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను.

అయిదింటికి బస్టాండు దాకా వచ్చింది. విజయవాడ బస్సు కనబడగానే నా చెయ్యి పట్టుకుంది.

"రైలు టిక్కెట్లు ఇంకా దొరుకుతాయా? నేనూ రానా?"

పొద్దున ఆ మాట అని ఉంటే కృతజ్ఞతతో కాళ్ళ మీద పడేదాన్ని. ఇప్పుడు నోటి నుంచి, "ఈసారికి వద్దక్కా" అని వచ్చేసింది.

ఆవిడ మొహం చిన్నబోయింది. ఒక్క క్షణమే. "సరేలే. వచ్చే ఏడాదికి నాకా వాలు దాటడం నేర్పు" అంది. బస్సు కదిలాక కూడా ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

ఉయ్యూరు దాకా నిలబడే ప్రయాణం చేశాను. ఆ తర్వాత కిటికీ పక్క సీటు దొరికింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. కాలువ నీళ్ళ మీద పొద్దు వాలుతోంది. ఎవరి ప్రయాణమూ పాడు చెయ్యకూడదని ఒంటరిగా వెళ్తున్నానన్న మాట ఇక చెల్లదు. నేనెవరి ప్రయాణమూ పాడు చెయ్యలేదు. తోడు కూడా దొరికింది. అయినా వద్దన్నాను. అంటే నాకు ఒక్కదాన్నే వెళ్ళాలని ఉంది, అంతే. ఆ వాలు ముందు నిలబడి, ఎక్కాలో దిగాలో ఎవరి మొహమూ చూడకుండా నా ఒంటిని నేను అడిగి తేల్చుకోవాలని ఉంది. దిగిపోవాల్సి వస్తే దిగిపోయానని కాలేజీలో చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు భయం లేదు.

ఆరున్నరకు పటమటలో కండక్టరు కేకేశాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ నెమ్మదిగా దిగాను. వెనక జనం తొందరపెడుతున్నా తొందరపడలేదు.