మా ఆదివారం ఆటలో ఈరన్న పోయాడు

నిన్న ఈరన్న పోయాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

న్యూస్ వచ్చేసరికి నేను మైదుకూరులో, మా తమ్ముడి పెళ్లిచూపుల్లో ఉన్నా. చేతిలో మిక్చర్ ప్లేటు. ఇమ్రాన్ నుంచి ఎస్సెమ్మెస్. "ఈరన్న పోయినాడు. సారీ."

"అయ్యో, ఈరన్న చచ్చిపోయాడు!" అని గట్టిగా అరిచేశా.

హాల్లో అందరూ నా వైపే తిరిగారు. మా అమ్మ ముఖం చూడాలి అప్పుడు! అమ్మాయి వాళ్ల అవ్వ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఎవరమ్మా పోయినది? మీకు దగ్గరోళ్లేనా? తలకు పోసుకోవల్లేమో గదా?"

"లేదవ్వా, ఆటలో మనిషి. నిజంగా లేడు."

"లేనోనికి ఏంటికమ్మా అట్ల ఏడుస్తాండావు?"

పెళ్లికూతురు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల నాకు అక్కడే నచ్చేసింది.

ఈ ఆన్‌లైన్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తున్నా. కర్నూలు కల్లూరులో ఇమ్రాన్ వాళ్ల మిద్దె మీద ప్రతి ఆదివారం మేం నలుగురం ఒక ఆట ఆడతాం. రాక్షసులు, మంత్రాలు, గుహలు. కథ నడిపేది ఇమ్రాన్. మిగతా ముగ్గురికీ, అంటే నాగమణికి, సురేశ్‌కి, నాకు, తలా ఒక క్యారెక్టర్.

ఈ ఆటకు కావాల్సిన ఇరవై ముఖాల పాచిక కర్నూల్లో ఎక్కడా దొరకలేదు. అందుకని చింతగింజల మీద నెయిల్ పాలిష్‌తో నంబర్లు రాసి, చెంబులో వేసి, క్యారెక్టర్ ఏం చెయ్యాలన్నా ఒక గింజ తీస్తాం. పెద్ద నంబర్ వస్తే పండగ. ఒకటి వస్తే ఖతం.

ఈరన్న నాగమణి క్యారెక్టర్. తాటిచెట్టంత మనిషి, భుజాన గొడ్డలి.

నాగమణేమో ఇంత సన్నగా ఉంటుంది. కోసిగి పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్కూల్లో టీచర్‌గా చేస్తోంది. చేరిన కొత్తలో స్టాఫ్ రూమ్‌లో తన యాస విని ఎవరో నవ్వారట. అంతే, నోరు తెరవడమే మానేసింది.

కానీ ఈరన్నగా మారిందా, కింద వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు!

ఒకసారి గుహలో బంగారం కుప్ప మీద డ్రాగన్ పడుకుని ఉంది. మేమిద్దరం బండరాయి వెనక దాక్కుని వణుకుతున్నాం. ఈరన్న నేరుగా దాని ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీకు ఇన్ని దుడ్లు ఏంటికప్పా? యాడికి పోయి ఖర్చు పెడ్తావు? ఈడ ఒక అంగడన్నా లేదే!"

డ్రాగన్‌గా జవాబు చెప్పాల్సింది ఇమ్రాన్. నోట్లో టీ ఉంది పాపం. ఆ టీ అంతా రూల్ బుక్ జిరాక్స్ మీద పడింది. ఆ డ్రాగన్ మమ్మల్ని ఊరికే వదిలేసింది.

అట్లాంటి ఈరన్న ఎట్లా పోయాడో రాత్రి నేను బస్సులో ఉండగా ఇమ్రాన్ ఫోన్‌లో చెప్పాడు.

మా ఆటలో ఒక రూల్ ఉంది. ఎవరు రాకపోతే వాళ్ల క్యారెక్టర్ ఎద్దులబండిలో నిద్రపోతున్నట్టు లెక్క. నిన్న నేను లేను కదా. కాబట్టి నా క్యారెక్టర్, వైద్యం చేసే మంగమ్మ, బండిలో నిద్రపోతోంది.

రాక్షసులు చుట్టుముట్టారు. బండి వదిలేసి పారిపోదాం అన్నాడు సురేశ్. పారిపొమ్మని ఇమ్రాన్ కూడా సైగ చేశాడంట.

"బండిలో మంగమ్మ పండుకోనుండాది. నేను యాడికీ రాను. నువ్వు పోప్పా," అందంట నాగమణి.

ఒక్కతే అన్నిసార్లూ చెంబులో చెయ్యి పెట్టింది. బండి దాకా ఒక్క రాక్షసుణ్ణీ రానివ్వలేదు. చివరికి ఒకటి వచ్చింది. మళ్లీ తియ్యమని ఇమ్రాన్ బతిమాలినా వినలేదంట.

విని బస్సులోనే ఏడ్చేశా. నా భయమల్లా ఒక్కటే. ఈరన్న లేకపోతే నాగమణి మళ్లీ నోరు మూసుకుంటుందేమో.

మంగమ్మ దగ్గర చచ్చినవాళ్లను లేపే వేరు ఒకటుంది. ఒక్కసారికే పనిచేస్తుంది. ఈరోజు పొద్దున్నే నాగమణికి ఫోన్ చేసి, "బాధపడొద్దు, ఈరన్నను లేపేస్తా" అన్నా.

"వద్దక్కా! వద్దంటే వద్దు!" అని ఒకటే అరుపు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "శానా బాగ పోయినాడక్కా! కాలు ఎనక్కి పెట్టలేదు. నువ్వు లేపితే అదంతా యాడికి పోవల్ల?"

ఇంక ఆపలేదు. మొదటి రాక్షసుడి దగ్గర్నుంచి మొత్తం చెప్పడం మొదలుపెట్టింది. అదే గొంతు, అదే కోసిగి యాస.

మధ్యలో వెనక నుంచి ఎవరో, "టీచర్, ఆ తర్వాత ఏమైంది?" అన్నారు. ఇంకెవరో కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు.

"యాడున్నావే నువ్వు?" అన్నా.

"స్టాఫ్ రూమ్‌లోనే అక్కా. ఉండు, వీళ్లకు ఇనపడల్ల, ఇంగొంచెం గట్టిగా చెప్తా."

ఇంక నేను వేరు సంగతి ఎత్తలేదు.

ఈరన్నా, మా మంగమ్మ బండిలో ఇంకా గురక పెడుతూనే ఉంది. నువ్వు లేవన్న సంగతి దానికి తెలీదు. ఆదివారం నేను పోయి దాన్ని నిద్రలేపేదాకా, దాని లెక్కలో నువ్వు బండి పక్కనే కాపలా ఉన్నావు.

ఇంక గొడ్డలి దించు నాయనా. చల్లగా పండుకో.