ఐసీయూ గుమ్మం దగ్గర పెరుగు గిన్నె

మా అత్తగారికి న్యుమోనియా ముదిరి, రాజమండ్రిలో ఓ ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. మా ఆయన రామచంద్రపురంలో కిరాణా కొట్టు చూసుకుంటుంటే మావగారూ నేనూ ఆసుపత్రి పక్కనే గది తీసుకున్నాం.

మావగారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. గదిలో పాలు కాచి తోడుపెట్టడం మొదలెట్టారు. అన్ని యాంటీబయాటిక్స్ ఎక్కిస్తుంటే కడుపులో మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయని, పెరుగు పడితే మనిషి తేరుకుంటుందని ఆయన నమ్మకం. ఓ పొద్దున పెరుగు గిన్నె, మందుల షాపులో కొన్న ప్రోబయోటిక్ పొడి ప్యాకెట్లు పట్టుకుని ఐసీయూ గుమ్మంలో డాక్టరమ్మకి ఎదురెళ్ళారు.

"ముక్కులో గొట్టం ఉంది కదమ్మా, పల్చగా మజ్జిగ చేసి పోయించండి. పోనీ ఈ పొడైనా కలపండి."

ఆవిడ విసుక్కోలేదు. "ఇందులో ఉన్నది బతికున్న బాక్టీరియా అండి. మీకూ నాకూ మంచివే. ఆవిడకి మెడ దగ్గర పెద్ద నరంలో గొట్టం ఉంది, ఒంట్లో శక్తి లేదు. ఇవే రక్తంలోకి చేరితే కొత్త ఇన్ఫెక్షన్ అవుతుంది. అరుదే గానీ, ఇప్పుడా రిస్కు మనకొద్దు."

"మంచివి కూడా చేటు చేస్తాయా?"

"ఇంట్లో మనిషి మంచాన పడ్డప్పుడు దగ్గరి చుట్టాలొచ్చినా కష్టమే కదండీ."

మావగారికి ఆ మాట నచ్చింది. ప్యాకెట్లు జేబులో పెట్టేసుకున్నారు. తోడుపెట్టడం మాత్రం మానలేదు. ఆ పెరుగు బయట హాల్లో కాచుకుని ఉన్నవాళ్ళకి పంచేవారు. సామర్లకోట నుంచి వచ్చిన ఒకావిడ మాగాయ తెచ్చేది. భయాలన్నీ కాసేపు పక్కనపెట్టి అందరం కలిసి తినేవాళ్ళం.

అత్తగారికి వెంటిలేటర్ తీశారు, తర్వాత మెడ దగ్గర గొట్టమూ తీసి వార్డుకి మార్చారు. ఆవిడ జావ, మెత్తని అన్నం తినగలిగాక డాక్టరమ్మే నవ్వుతూ, "ఇంక పెట్టండి మీ పెరుగన్నం" అన్నారు.

మావగారు మెత్తగా కలిపి తొలిముద్ద పెట్టారు. అత్తగారు మింగి, బొంగురు గొంతుతో, "పులిసిపోయిందండీ. ఎవరు తోడేశారు?" అన్నారు.

"నేనే."

"పాలు చల్లారకుండానే వేసుంటారు."

నర్సుతో సహా అందరం నవ్వాం. మావగారు మాత్రం తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, "అవునే, వేడిగా ఉన్నప్పుడే వేశాను" అని ఒప్పేసుకున్నారు.

ఇంటికి వస్తున్న రోజు కాలవ గట్టు రోడ్డెక్కగానే అత్తగారు కారు అద్దం దించమన్నారు. కోతకొచ్చిన చేల మీంచి గాలి ముఖాన కొడుతుంటే దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. ఎవ్వరం ఆపలేదు.