కడిగేసిన బూజు

ఆ రిపోర్టులో "ఏమీ పెరగలేదు" అని రాసింది నేనే. నిజానికి పెరిగింది. దాన్ని కడిగేసింది కూడా నేనే. ఈ రెండో సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదట్లో బిలాస్‌పూర్‌లో, రైల్వేవాళ్ల ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. ఆ రిపోర్టు లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసే ఒకాయనది, శ్రీకాకుళం వైపు మనిషి. కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్ మాత్రలు మింగి మింగి, రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గిపోయింది. కుడిచేతి వేలి మీద మొదలైన పుండు మోచేతి దాకా గడ్డల వరసగా పాకింది. మామూలు మందులకి లొంగలేదు. చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పంపారు.

"ఇలాంటి ఒంట్లో ఏ వింత క్రిమైనా కాపురం పెడుతుంది. ముక్కని ట్యూబులో వేసి, వేడిపెట్టెలో కాకుండా బయటే నాలుగు వారాలు ఉంచు. ఏం పెరిగినా నాకు చూపించు," అన్నారు.

వారానికోసారి ఆయన ల్యాబ్ కిటికీలోంచి తొంగిచూసి, వరస కలిపి పలకరించేవాడు.

"ఏటల్లుడూ, నా ముక్క మొలకెత్తిందా?"

"ఇప్పుడే నారు పోశాం మావయ్యా. కోతలకి టైముంది."

పన్నెండో రోజుకి ట్యూబులో తెల్లగా, అంచుల్లో నల్లగా ఏదో ముడతలు పడి పెరిగింది. సరిగ్గా మర్నాడే పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్. అంటే తెలిసిందేగా: చెట్ల మొదళ్లకి సున్నం, నిప్పు ఆర్పే బకెట్లకి ఎర్రరంగు, కదలని ప్రతిదానికీ పాలిష్. అరలో బూజు ట్యూబుంటే పరువేం కావాలి? గాలిలోంచి పడిందేలే అని నాకు నేనే తీర్పిచ్చుకుని, ఉడకబెట్టి, తోమి, తళతళలాడించి బోర్లించాను. ఆఫీసరు "అచ్ఛా!" అన్నాడు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. మావయ్యకి ఆ రిపోర్టు వెళ్లింది.

దాన్ని నమ్మి డాక్టరమ్మ వేరే జబ్బుకి మందులిచ్చారు. రెండు నెలలకి గడ్డలు చంక దాకా వచ్చాయి. మళ్లీ కోత. మళ్లీ అదే బూజు.

"ఇదే! గులాబీ ముల్లు గుచ్చుకుంటే వచ్చే ఫంగస్. మొదటిసారి ఎందుకు దొరకలేదో!" అన్నారు డాక్టరమ్మ.

నేను సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి.

సరైన మందుతో చెయ్యి నిలిచింది. కానీ ఆలస్యంలో జబ్బు కీళ్లలోకి దిగి, రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. స్పానర్ పట్టలేక లైట్ డ్యూటీకి మారాడు.

మావయ్య రిటైరై సామాను కట్టుకుంటున్నప్పుడు ఆయన క్వార్టర్‌కి వెళ్లాను. ఎడంచేత్తో టీ గ్లాసు అందిస్తూ నవ్వాడు.

"నా ఒళ్లే మొండిది అల్లుడూ. మొదటిసారి మీకు అందకుండా దాచీసింది."

"మీ ఒళ్లు కాదు మావయ్యా, దాచింది నేను. అప్పుడే పెరిగింది. ఇన్‌స్పెక్షనని కడిగేశాను. మీ వేళ్లు నావల్లే పోయాయి. క్షమించండి."